సీడీ నుంచి డి డ్రైవ్‌కి: కాశీబుగ్గ డీటీపీ షాపులో పప్పీ లినక్స్

2019 జూలై నెలాఖరు. గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగాలకి దరఖాస్తులు నడుస్తున్న రోజులు. లక్షకు పైగా పోస్టులు. మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట పల్లెల నుంచి డిగ్రీ చదివిన పిల్లలంతా కాశీబుగ్గ నెట్ సెంటర్ల ముందే కనిపించేవారు. పొద్దున పది కాకముందే ఒక షాపు నుంచి నాకు ఫోన్ వచ్చింది.

"తమ్ముడూ, మూడు మిషన్లూ ఆగిపోయాయి. డిస్కులు తిరుగుతున్నాయి గానీ ఏటీ రావట్లేదు. బయట ఇరవై మంది ఉన్నారు."

నేను హార్డ్‌వేర్ పని చేస్తాను. పలాస నుంచి టెక్కలి దాకా షాపులు, చిన్న స్కూళ్లు చూసుకుంటాను. ఫోన్ చేసినాయన్ని అన్నయ్య అని పిలుస్తాను. ఆయనది డీటీపీ షాపు. జీడిపప్పు ప్యాకెట్ల లేబుళ్లు, పెళ్లి కార్డులు, బిల్లు పుస్తకాలు ఆయన అసలు పని. దానికి తోడు నెట్, జిరాక్స్. ఆ రోజు ఆగిపోయిన సీడీలు నేను ఇచ్చినవే. అందుకే ఈ కేసుని దాచిపెట్టకుండా మొత్తం రాస్తున్నాను. చేసిన పని, తప్పిన లెక్క, దిద్దుకున్న పద్ధతి అన్నీ ఇందులో ఉన్నాయి.

ముందు సంగతి కొంత చెప్పాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అన్నయ్య షాపు రేకులు లేచిపోయి మిషన్లు తడిశాయి. రెండు పూర్తిగా పోయాయి. నాలుగింటిని విప్పి, ఆరబెట్టి, కరెంటు వచ్చాక ఒక్కొక్కటీ లేపాం. రెండు పెంటియం 4 మిషన్లలో ఒక్కో జీబీ ర్యామ్ ఉంది. ఒక డ్యూయల్ కోర్‌లో రెండు జీబీలు. ఇంకో పెంటియం 4లో 512 ఎంబీ మాత్రమే. అన్నింటిలో 80 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ ఎక్స్‌పీ.

ఎక్స్‌పీ తీసేయమని ఎవరైనా అంటారు. మైక్రోసాఫ్ట్ దానికి 2014 ఏప్రిల్‌లోనే సపోర్ట్ ఆపేసింది. క్రోమ్ 2016లో, ఫైర్‌ఫాక్స్ 2018లో ఎక్స్‌పీని వదిలేశాయి. కానీ అన్నయ్య బతుకుతెరువు పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు. పదకొండేళ్ల లేబుళ్లు ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. అవి యూనికోడ్ కావు, ఒక్కో అక్షరం ముక్కకి ఒక్కో ఇంగ్లీషు అక్షరం చోటు ఇచ్చిన పాత పద్ధతి. జీడిపప్పు వ్యాపారి వచ్చి "పోయినేడాది లేబులే, ధర మార్చి ఇయ్యి" అంటే అరగంటలో ఇవ్వాలి. కొత్త సిస్టమ్‌లో ఆ ఫైలు తెరుచుకోకపోతే బేరం పక్క షాపుకి పోతుంది. "ఎక్స్‌పీని ముట్టుకోకు తమ్ముడూ, మిగతాది నీ ఇష్టం" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది.

అందుకని 2018 డిసెంబర్‌లో పప్పీ లినక్స్‌ని సీడీల్లోకి రాసి ఇచ్చాను. అది విండోస్ లాంటి ఇంకో సిస్టమ్, చిన్నది, ఇన్‌స్టాల్ చేయకుండా సీడీ నుంచే నడుస్తుంది. డీటీపీకి ఎక్స్‌పీ, నెట్‌కి సీడీ పెట్టి రీస్టార్ట్. అప్పట్లో రోజుకి ముగ్గురో నలుగురో నెట్ కోసం వచ్చేవారు, సరిపోయింది. ఇరవై మంది వరసలో నిలబడే రోజు వస్తుందని నేను అనుకోలేదు.

ఆగింది ఎక్కడ

వెళ్లేసరికి ఒక మిషన్‌లో డిస్కు గీతలు పడి ఉంది. తీసి పెట్టి, తీసి పెట్టి కుర్రాడి చేతిలో అరిగిపోయింది. ఇంకో రెండింటిలో డిస్కులు బాగానే ఉన్నాయి, డ్రైవుల లెన్సు బలహీనపడింది. తుపాను తడి, ఆపైన సముద్రపు గాలి. శుభ్రం చేస్తే ఒకటి కాసేపు చదివింది, మళ్లీ మొరాయించింది.

లెన్సు మార్చి ఊరుకుంటే మళ్లీ ఇదే తంతు. అందుకే కాసేపు స్టూలు వేసుకుని కూర్చుని, పని ఎలా నడుస్తోందో చూశాను. చదవగలిగినప్పుడు సైతం డెస్క్‌టాప్ రావడానికి నా వాచీలో మూడు నిమిషాల పైన పట్టింది. దానికి కారణం ఉంది. సీడీ డ్రైవ్ మూతి మీద 52ఎక్స్ అని రాసి ఉంటుంది. ఒక ఎక్స్ అంటే సెకనుకి 150 కేబీ. ఆ లెక్కన 7.8 ఎంబీ రావాలి. అది డిస్కు బయటి అంచు దగ్గర వచ్చే వేగం. డేటా రాయడం మొదలయ్యేది లోపలి అంచు నుంచి, అక్కడ సగం కూడా రాదు. గీతలుంటే చదివిందే మళ్లీ చదువుతుంది. అన్నింటికన్నా పెద్ద దెబ్బ ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకడం. సీడీలో ఆ దూకుడుకి సెకనులో పదోవంతు పడుతుంది, పాత హార్డ్ డిస్కులో సెకనులో నూరోవంతుకి అటూ ఇటూ. ఒక ప్రోగ్రామ్ తెరిస్తే వందల దూకుళ్లు ఉంటాయి.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. సీడీ నుంచి లేచేటప్పుడు పప్పీ ర్యామ్ చాలునో లేదో చూసుకుంటుంది. చాలితే సిస్టమ్ ఫైలు మొత్తాన్ని ర్యామ్‌లోకి ఎక్కించుకుంటుంది. ఆ తర్వాత డిస్కు బయటికి తీసేయవచ్చు, పని చురుగ్గా సాగుతుంది. ఒక జీబీ మిషన్లలో అదే జరిగేది. కానీ అలా ఎక్కించాక ఫైర్‌ఫాక్స్‌కి మిగిలే ర్యామ్ తగ్గిపోతుంది. పిల్లలు నాలుగు ట్యాబ్‌లు తెరిచేసరికి మిషన్ బిగుసుకుపోతుంది. కుర్రాడు రీసెట్ నొక్కుతాడు. మళ్లీ మూడు నిమిషాలు. 512 ఎంబీ మిషన్‌లో ర్యామ్‌లోకి ఎక్కడానికే చోటు చాలదు గనక డిస్కు మీద ఆధారపడే నడిచేది. పెళ్లి ఫొటోల సీడీతో ఎవరైనా వస్తే పెట్టడానికి డ్రైవ్ ఖాళీ ఉండదు.

అంటే లెన్సు పోవడం ఆ రోజు బయటపడ్డ జబ్బు మాత్రమే. డిస్కులు బాగున్న రోజున కూడా షాపు సగం వేగంతోనే నడుస్తోంది.

ఎందుకు ఇన్‌స్టాల్ చేయలేదు

లినక్స్‌ని పూర్తిగా హార్డ్ డిస్కులో ఇన్‌స్టాల్ చేయవచ్చు. దానికి పార్టిషన్లు, అంటే డిస్కులోని భాగాలు, కోయాలి. పదకొండేళ్ల లేబుళ్లున్న పాత డిస్కు మీద, అందులోనూ తడిసి ఆరిన డిస్కు మీద, పార్టిషన్ కొలతలు మార్చడానికి నా చెయ్యి రాలేదు. పెన్ డ్రైవ్ ఆలోచన వచ్చింది. ఆ పెంటియం 4 బోర్డుల్లో ఒకటి యూఎస్‌బీ నుంచి లేవనే లేవదు. పైగా నెట్ షాపులో పెన్ డ్రైవ్ వారం రోజులు నిలవదు.

మిగిలింది మూడో దారి. సీడీలో ఉన్న ఆ నాలుగైదు ఫైళ్లనే ఎక్స్‌పీ ఉన్న హార్డ్ డిస్కులో ఒక ఫోల్డర్‌లో పెట్టి, అక్కడి నుంచి లేపడం. పప్పీ వాళ్లు దీన్ని ఫ్రూగల్ ఇన్‌స్టాల్ అంటారు, పొదుపు పద్ధతి అనుకోండి. ఈ ఆలోచన పప్పీకే సొంతం కాదు. జర్మనీలో క్లాస్ నాపర్ 2000లో తెచ్చిన నాపిక్స్ అనే సీడీ లినక్స్, దాదాపు రెండు జీబీల సాఫ్ట్‌వేర్‌ని కుదించి 700 ఎంబీ సీడీలో ఇమిడ్చింది. ఆ కుదించిన ముద్దని హార్డ్ డిస్కులోకి కాపీ చేసి అక్కడి నుంచి లేపే వీలు అందులోనూ ఉంది. ఆస్ట్రేలియాలో బారీ కౌలర్ 2003లో మొదలుపెట్టిన పప్పీ, పాత మిషన్ల కోసం దీన్నే మామూలు పద్ధతిగా చేసేసింది.

అన్నయ్యకి ఇది అర్థం కావడానికి ఆయన పనిలోంచే చెప్పాను. పెళ్లి కార్డు లేఅవుట్ మీద బటర్ పేపరు పరిచి, దిద్దుబాట్లు ఆ పేపరు మీద రాస్తారు కదా. పైనుంచి చూస్తే రెండూ కలిసి ఒకే కార్డులా కనిపిస్తాయి. బటర్ పేపరు తీసేస్తే కింద లేఅవుట్ చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇలా ఇన్‌స్టాల్ లేకుండా నడిచే లైవ్ సిస్టమ్ కూడా అంతే. కింద కుదించిన సిస్టమ్ ఫైలు ఉంటుంది, దాని మీద ఎవరూ రాయలేరు. పైన రాయదగిన పొర ఉంటుంది. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ రెండింటినీ కలిపి ఒకే సిస్టమ్‌లా చూపిస్తుంది. ఆ పై పొర ర్యామ్‌లో ఉంటే మిషన్ కట్టేయగానే పోతుంది. ఒక ఫైల్లో ఉంటే నిలుస్తుంది. ఆ ఫైలుని సేవ్ ఫైలు అంటారు.

ఆ పై పొర ఎక్కడ ఉండాలన్నదే ఈ కేసులో అసలు ప్రశ్న. అది నాకు మూడో రోజుకి గానీ తెలియలేదు.

రాత్రి పని

షాపు మూసేసరికి తొమ్మిదిన్నర. మొదట చేసింది లినక్స్ పని కాదు. అన్నయ్య లేబుళ్లు, కార్డులు అన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ పెట్టాను. రెండు గంటలకు పైగా పట్టింది. ఇంకెవరైనా ఈ పని చేయబోతే ఈ రెండు గంటలు మాత్రం తగ్గించుకోవద్దు.

కాపీ నడుస్తుండగా డ్యూయల్ కోర్‌లో బయోనిక్‌పప్ 32 అనే పప్పీ రకం ఐఎస్ఓని, అంటే సీడీలో రాసేదంతా ఉన్న ఒకే ఫైలుని, విప్పాను. 400 ఎంబీ కూడా ఉండదు. అందులో మనకి కావలసినవి వీఎమ్‌లినజ్ అనే కెర్నెల్, లేచే మొదట్లో వాడే ఇనిట్ఆర్‌డీ, ఎస్ఎఫ్ఎస్ అని ముగిసే ఫైళ్లు. ఎస్ఎఫ్ఎస్ అంటే స్క్వాష్ఎఫ్ఎస్, కుదించిన ముద్ద. ఇవన్నీ డి డ్రైవ్‌లో పప్పీ అనే ఫోల్డర్ చేసి అందులో పెట్టాను. సి డ్రైవ్‌లో ఎందుకు పెట్టలేదంటే, మన ఊళ్లలో మిషన్ నెమ్మదిస్తే ఎవరో ఒకరు సి డ్రైవ్‌ని ఫార్మాట్ చేసేస్తారు. డి జోలికి సాధారణంగా పోరు.

లేపడానికి గ్రబ్‌ఫోర్‌డాస్ అనే చిన్న బూట్ ప్రోగ్రామ్ వాడాను. జీఆర్ఎల్‌డీఆర్ అనే ఒక్క ఫైలుని సి డ్రైవ్ మొదట్లో పెట్టి, ఎక్స్‌పీ బూట్ డాట్ ఐఎన్ఐలో దాని పేరుతో ఒక వరస కలిపితే చాలు. బూట్ సెక్టర్‌ని ముట్టుకునే పని లేదు. మిషన్ లేవగానే ఎక్స్‌పీ సొంత మెనూలోనే రెండు పేర్లు కనిపిస్తాయి. "డీటీపీ", "నెట్" అని పెట్టాను. ఐదు సెకన్లు ఎవరూ ఏమీ నొక్కకపోతే నెట్‌కి పోతుంది. గ్రబ్‌ఫోర్‌డాస్ మెనూ ఫైల్లో పార్టిషన్ నంబరు రాయలేదు. పప్పీ ఫోల్డర్‌లో కెర్నెల్ ఏ పార్టిషన్లో ఉందో వెతికి పట్టుకోమని ఫైండ్ కమాండ్ ఇచ్చాను. ఒక్కో మిషన్‌లో పార్టిషన్లు ఒక్కో రకంగా ఉన్నా ఒకే మెనూ ఫైలు పనికొచ్చింది.

మెనూ ఫైల్లో కెర్నెల్‌కి ఆదేశాలిచ్చే వరసలో రెండు మాటలు ముఖ్యం. పీమీడియా అన్నది సిస్టమ్ ఎలాంటి చోట ఉందో చెబుతుంది, దానికి ఏటీఏహెచ్‌డీ అని ఇచ్చాను. అంటే హార్డ్ డిస్కు. పీసబ్‌డిర్ అన్నది ఫోల్డర్ పేరు చెబుతుంది.

మొదటి మిషన్ ఒకటే దెబ్బకి లేచింది. రెండోది కెర్నెల్ దాకా వచ్చి, ఎస్ఎఫ్ఎస్ ఫైలు దొరకలేదని ఆగిపోయింది. ఫైలు కళ్ల ముందే ఉంది. దొరకదేమిటని అర్ధరాత్రి దాటేదాకా తల పట్టుకున్నాను. డ్రైవ్‌ని ఫార్మాట్ చేసే పద్ధతిలో తేడా ఉంది, మొదటి మిషన్‌లో డి డ్రైవ్ ఫ్యాట్32, రెండోదాంట్లో ఎన్‌టీఎఫ్ఎస్. ఫోల్డర్ పేరులో మొదటి అక్షరం నేను పెద్దక్షరంగా పెట్టాను, మెనూలో చిన్నక్షరంగా రాశాను. గ్రబ్‌ఫోర్‌డాస్ ఆ తేడా పట్టించుకోక కెర్నెల్‌ని లేపేసింది. లేచిన లినక్స్ మాత్రం ఎన్‌టీఎఫ్ఎస్ మీద పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరు పేర్లుగా చూస్తుంది. పేరంతా చిన్నక్షరాల్లోకి మార్చాను, లేచింది. కెర్నెల్ కదిలి, ఆపైన ఫైలు దొరకలేదంటే ముందు పేరులో అక్షరాలు చూడండి.

సీడీకీ హార్డ్ డిస్కుకీ సలహా తిరగబడే చోటు కూడా ఆ రాత్రే తేలింది. సీడీ మీద ఉన్నప్పుడు ఎస్ఎఫ్ఎస్‌ని ర్యామ్‌లోకి ఎక్కించుకోవడమే మేలు. హార్డ్ డిస్కు మీదకి వచ్చాక ఒక జీబీ మిషన్‌లో అది దండగ. డిస్కు ఎలాగూ సీడీ కన్నా పది రెట్ల వేగంతో చదువుతుంది, ఆ ర్యామ్ ఫైర్‌ఫాక్స్‌కి వదలాలి. అదే కెర్నెల్ వరసలో పీఫిక్స్ అనే మాటకి నోకాపీ అని ఇస్తే పప్పీ ఎక్కించుకోవడం మానేస్తుంది. రెండు జీబీల డ్యూయల్ కోర్‌లో మాత్రం ఎక్కించుకోనిచ్చాను. ఫ్యాట్32 ఉన్న మిషన్‌లో ర్యామ్ చాలనప్పుడు వాడుకునే స్వాప్ ఫైలు కూడా పెట్టాను. లినక్స్‌లో ఎన్‌టీఎఫ్ఎస్ మీద స్వాప్ ఫైలు మంచిది కాదు, అక్కడ పెట్టలేదు.

బ్రౌజరు ఫైర్‌ఫాక్సే ఎందుకంటే, 32 బిట్ లినక్స్‌కి క్రోమ్ 2016లోనే ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్‌కి ఎస్ఎస్ఈ2 అనే ఆదేశాల సెట్ ఉన్న ప్రాసెసర్ కావాలి, పెంటియం 4లో అది ఉంది. తెలుగు ఫాంట్లు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టి, 512 ఎంబీ సేవ్ ఫైలు చేసి, మూడు మిషన్లూ లేపేసరికి తెల్లవారింది. వాచీ పెట్టి చూస్తే డెస్క్‌టాప్‌కి నలభై, నలభై ఐదు సెకన్లు.

మొదటి రోజు వరస చకచకా కదిలింది. అన్నయ్య నాకు టిఫిన్ తెప్పించి, తను తినకుండా ఫారాలు నింపుతూ కూర్చున్నాడు.

మూడో రోజు

రెండో రోజు సాయంత్రం కరెంటు పోయింది. ఒక మిషన్ యూపీఎస్ బ్యాటరీ నిమిషం కూడా నిలవలేదు. కరెంటు వచ్చాక అది లేచింది గానీ ఫైర్‌ఫాక్స్ తెరుచుకోలేదు. సేవ్ ఫైలు దెబ్బతింది. పీఫిక్స్‌కి ఎఫ్ఎస్‌సీకే అని ఇస్తే లేచేటప్పుడు దాన్ని సరిచూస్తుంది. చాలావరకు బాగైంది, ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ మాత్రం బాగుపడలేదు. పక్క మిషన్లోని సేవ్ ఫైలుని తెచ్చి దీని చోట పెట్టాను. ఈ పద్ధతిలో ఆ సుఖం ఉంది, సెట్టింగ్స్ అన్నీ ఒకే ఫైలు.

మూడో రోజు పొద్దున జరిగింది అంతకన్నా పెద్ద విషయం. మందస నుంచి వచ్చిన ఒక అమ్మాయి మెయిల్ తెరవబోయి ఆగి, "అన్నయ్యా, ఇది నా మెయిల్ కాదు, ఎవరిదో తెరిచి ఉంది" అంది. ముందు రోజు కూర్చున్న అబ్బాయి లాగౌట్ చేయకుండా లేచిపోయాడు. ఆ మెయిల్లో అతని సర్టిఫికెట్లున్నాయి, ఆధార్ ఉంది. ఆ అమ్మాయి మంచిది గనక చెప్పింది.

సీడీలతో నడిచిన ఏడు నెలల్లో ఈ సమస్య ఎప్పుడూ రాలేదు. సేవ్ ఫైలు లేదు గనక, మిషన్ కట్టి లేపితే అన్నీ చెరిగిపోయేవి. నేను వేగం చూసుకున్నాను, సీడీ తనకు తెలియకుండానే చేస్తున్న ఆ కాపలా చూసుకోలేదు. హార్డ్ డిస్కుకి మార్చినప్పుడు జరిగిన మార్పు ఒకటి కాదు, రెండు. చదివే చోటు మారింది. రాసే చోటు కొత్తగా పుట్టింది.

మళ్లీ ఏమీ నిలవకుండా చేయాలంటే పీఫిక్స్‌కి ర్యామ్ అని ఇస్తే సరి, సేవ్ ఫైలుని చూడకుండా ఖాళీగా లేస్తుంది. కానీ అప్పుడు తెలుగు కీబోర్డు, నెట్‌వర్కు, అన్నీ రోజూ కొత్తగా పెట్టుకోవాలి. మాకు కావలసింది పెట్టిన సెట్టింగ్స్ ఉండాలి, కూర్చున్న మనిషి జాడ ఉండకూడదు.

దానికి పప్పీలోనే ఒక దారి ఉంది. పెన్ డ్రైవ్ లాంటి ఫ్లాష్ మీద మాటిమాటికీ రాస్తే అది అరిగిపోతుందని, ఫ్లాష్ మీద ఉన్నప్పుడు పప్పీ మూడు పొరలు వాడుతుంది. కింద ఎస్ఎఫ్ఎస్, మధ్యలో సేవ్ ఫైలు, పైన ర్యామ్. మార్పులన్నీ ర్యామ్‌లోనే జరుగుతాయి. అప్పుడప్పుడు, లేదా మనం సేవ్ నొక్కినప్పుడు మాత్రమే కింది సేవ్ ఫైలులోకి దిగుతాయి. హార్డ్ డిస్కు అని చెబితే ఆ ర్యామ్ పొర ఉండదు, నేరుగా సేవ్ ఫైలులోకే రాస్తుంది. అందుకని పీమీడియా మాటని ఏటీఏహెచ్‌డీ నుంచి ఏటీఏఫ్లాష్‌కి మార్చాను. నిజానికి అది హార్డ్ డిస్కే, అయినా ఫ్లాష్ అనుకుని నడుచుకుంటుంది. ఆపైన పప్పీ సెట్టింగ్స్‌లోని ఈవెంట్ మేనేజర్‌లో సేవ్ చేసే వ్యవధిని సున్నా చేశాను, దానంతట అది ఎప్పుడూ రాయదు.

ఒక్క మాట మార్చడంతో రెండు జబ్బులూ పోయాయి. రోజంతా సేవ్ ఫైలు మీద రాత లేదు గనక కరెంటు పోయినా అది చెడదు. మనిషి లేవగానే మిషన్ రీస్టార్ట్ చేస్తే, సేవ్ చేయాలా అన్న ప్రశ్నకి వద్దు అంటే చాలు, జాడ ఉండదు. నలభై సెకన్లలో లేస్తుంది గనక మనిషి మనిషికీ రీస్టార్ట్ చేయడం ఎవరికీ భారం కాలేదు. మూడు నిమిషాల సీడీతో ఇది కుదిరేది కాదు. బటర్ పేపరు మీద ఇంకో బటర్ పేపరు అని చెప్తే అన్నయ్య వెంటనే పట్టుకున్నాడు, కుర్రాడికి ఆయనే నేర్పాడు.

ఇంకో జాగ్రత్త కూడా ఆ రోజే తీసుకున్నాం. పప్పీలో వాడేవాళ్లు మామూలుగా రూట్‌గానే, అన్ని హక్కులతో, ఉంటారు. అంటే కుర్చీలో కూర్చున్నవాళ్లు డెస్క్‌టాప్ మీద డ్రైవ్ బొమ్మ నొక్కితే లేబుళ్లున్న ఇ డ్రైవ్ తెరుచుకుంటుంది, చెరపవచ్చు కూడా. డ్రైవ్ బొమ్మలు కనబడకుండా చేశాను. అది తాళం కాదు, తలుపు దగ్గరగా వేయడం మాత్రమే. అసలు రక్ష ఎక్స్‌టర్నల్ డిస్కులోని కాపీయే.

ప్రింటు, మిగతావి

షాపులోని లేజర్ ప్రింటర్‌కి లినక్స్ డ్రైవర్ కుదరలేదు. రెండు గంటలు చూసి వదిలేశాను. 512 ఎంబీ మిషన్‌ని నెట్ నుంచి తప్పించి, ఎక్స్‌పీతో ప్రింటుకే ఉంచాం. దానికి గేట్‌వే అడ్రసు తీసేశాను, షాపులోని మిగతా మిషన్లతో మాట్లాడుతుంది గానీ బయటి నెట్‌కి పోలేదు. దాంట్లో ఒక షేర్ ఫోల్డర్. పప్పీలో దరఖాస్తుని పీడీఎఫ్ చేసి ఆ ఫోల్డర్లో వేస్తే అక్కడ కుర్రాడు ప్రింటు కొట్టి ఇస్తాడు. ఫోల్డర్లు పంచుకునే ఎస్ఎంబీ పద్ధతిలో ఎక్స్‌పీకి మొదటి వెర్షన్ ఒక్కటే వచ్చు, పప్పీలో ఆ ఫోల్డర్‌ని మౌంట్ చేసేటప్పుడు, అంటే కలుపుకునేటప్పుడు, ఆ వెర్షన్ చెప్పి తీరాలి. రోజూ షాపు మూసేముందు ఆ ఫోల్డర్ ఖాళీ చేయడం అన్నయ్య తన పని అన్నాడు. అందులో ఉన్నవన్నీ పిల్లల ఆధార్ నంబర్లు, పుట్టిన తేదీలు.

ఫొటో, సంతకం కొలతకి తగ్గించడానికి పప్పీతో వచ్చే ఎమ్‌టీపెయింట్ అనే బొమ్మల ప్రోగ్రామ్ సరిపోయింది.

డ్యూయల్ కోర్ మిషన్ పగలు నెట్, రాత్రి డీటీపీ. అక్కడ ఒకసారి అన్నయ్య లేబులు మధ్యలో వదిలి ఎక్స్‌పీని హైబర్నేట్ చేసి, అంటే తెరిచిన పనిని అలాగే డిస్కులో దాచి మిషన్ ఆపి, ఇంటికెళ్లాడు. మర్నాడు కుర్రాడు నెట్ నొక్కితే పప్పీ లేచింది గానీ సేవ్ ఫైలుని తీసుకోలేదు. హైబర్నేట్ అయిన ఎక్స్‌పీ తన ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌లని సగం తెరిచి వదిలినట్టు ఉంచుతుంది. లినక్స్ దాన్ని చూసి రాయడానికి ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మంచిది, రాస్తే డ్రైవ్ పాడవుతుంది. నాలుగు మిషన్లలోనూ ఎక్స్‌పీ పవర్ ఆప్షన్స్‌లో హైబర్నేషన్ తీసేశాను.

అన్నయ్య ఖాతా పుస్తకంలో, సీడీలు ఆగడానికి ముందు రోజు పంతొమ్మిది దరఖాస్తులు. నాలుగో రోజు యాభై దాటాయి. గడువు ముగిసేదాకా ఆ మూడు మిషన్లూ ఆగలేదు. సెప్టెంబర్ మొదటి వారంలో పరీక్షలు జరిగాయి, హాల్ టికెట్లు కూడా అక్కడే తీసుకున్నారు.

ఆ తర్వాత

2020 మొదట్లో ఎవరో మెకానిక్ ఒక మిషన్‌లో సి డ్రైవ్ ఫార్మాట్ చేసి ఎక్స్‌పీ మళ్లీ వేశాడు. నెట్ మెనూ పోయింది. డి డ్రైవ్‌లో పప్పీ ఫోల్డర్ అలాగే ఉంది. జీఆర్ఎల్‌డీఆర్ ఫైలు, మెనూ, బూట్ డాట్ ఐఎన్ఐలో ఒక వరస, పది నిమిషాల్లో మళ్లీ లేచింది. ఫైళ్లు డిలో పెట్టిన నిర్ణయం అక్కడ కలిసొచ్చింది.

ఇంకోసారి షాపులో కొత్తగా చేరిన కుర్రాడు డి డ్రైవ్‌లో చోటు చాలడం లేదని ఆ ఫోల్డర్‌నే తీసేశాడు. ఆ పేరుతో ఉన్నది ఏదో గేమ్ అనుకున్నాడట. పక్క మిషన్ నుంచి ఫోల్డర్ మొత్తం కాపీ చేసి పెట్టాం.

ఇప్పుడు పెంటియం 4 మిషన్లకి నెట్ కాలం దాదాపు తీరింది. డెబియన్ అనే లినక్స్ 2025లో వచ్చిన 13వ వెర్షన్‌తో 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలర్ ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ కూడా 144వ వెర్షన్‌తో 32 బిట్ లినక్స్‌ని ముగించింది. కానీ ఇదే కథ ఇంకో రూపంలో మళ్లీ మొదలైంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న సపోర్ట్ ఆగింది. విండోస్ 11కి సరిపోని మిషన్లు నేను చూసే ప్రతి షాపులో ఉన్నాయి. వాటిలో అకౌంట్ల సాఫ్ట్‌వేరో, పాత ఫాంట్లో, వదల్లేనిది ఒకటి ఉంటుంది.

ఈ 64 బిట్ మిషన్లలో పని ఇంకా తేలిక. ఐఎస్ఓని విప్పే అవసరమే లేదు. ఫైలుని అలాగే డిస్కులో పెట్టి, గ్రబ్2 అనే బూట్ ప్రోగ్రామ్‌లో లూప్‌బ్యాక్ కమాండ్‌తో దాన్నే సీడీలా చూపించి లేపవచ్చు. ఉబుంటు లినక్స్‌కి ఐసో-స్కాన్ ఫైల్‌నేమ్ అని, డెబియన్ లైవ్‌కి ఫైండ్ఐసో అని ఐఎస్ఓ ఉన్న చోటు చెప్పాలి. అది చెప్పకపోతే కెర్నెల్ లేచి, సీడీ ఎక్కడా అని వెతుక్కుంటూ ఆగిపోతుంది. పాత బయాస్ బదులు యూఈఎఫ్ఐతో లేచే మిషన్లలో పాత గ్రబ్‌ఫోర్‌డాస్ పనికిరాదు, గ్రబ్2 తప్పదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ముందు ఆపాలి, లేకపోతే ఎక్స్‌పీ హైబర్నేట్‌తో వచ్చిన చిక్కే రోజూ వస్తుంది. రాసే పొర కావాలంటే ఉబుంటులో పెర్సిస్టెంట్, డెబియన్‌లో పెర్సిస్టెన్స్ అని ఇచ్చి దానికి చోటు చూపించాలి. నెట్ షాపులకి నేను ఇప్పుడు అది ఇవ్వడం లేదు. కీబోర్డు, ఫాంట్లు ముందే కలిపిన ఐఎస్ఓ చేసి, రాసే పొర ర్యామ్‌లోనే వదిలేస్తున్నాను.

అన్నయ్య షాపులో డ్యూయల్ కోర్ ఇంకా లేబుళ్లు కొడుతోంది. దాని డి డ్రైవ్‌లో పప్పీ ఫోల్డర్ ఇప్పటికీ ఉంది. తెరిస్తే ఎస్ఎఫ్ఎస్ ఫైళ్ల పక్కన ఒక టెక్స్ట్ ఫైలు కనిపిస్తుంది. ఆ కుర్రాడు ఫోల్డర్ తీసేసిన రోజు అన్నయ్యే టైపు చేసి పెట్టాడు: "ఇది గేమ్ కాదు. మన షాపు నెట్ ఇదే. తీయకండి."